వేట పరవానా: షరీఅత్ హద్దులు, సర్కారు హద్దులు

అత్తిలి చుట్టుపట్ల అడవి లేదు. నిడదవోలు నుండి భీమవరం పోయే రైలుమార్గంలో ఈ స్టేషను దగ్గర దిగి నలువైపులా చూస్తే వరిచేలు, కాలువగట్లు, కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, గోదావరి నీరు కాలువలకెక్కిన తరువాత డెల్టాలోని బీడు భూములు క్రమంగా సాగులోకి వచ్చాయి. కనుక ఈ ప్రాంతపు వేటగాడికి ఇంటి దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండే: పొలాల మీద వాలే పిట్టలు, పడమట కొల్లేటిలో దిగే బాతులు. పులి, అడవిదున్న, కణితి, దుప్పి వంటి పెద్ద జంతువుల వేట కావాలంటే అతడు మైదానం విడిచి మన్యానికి పోవాలి, లేదా ఒక ప్రభుత్వపు హద్దు దాటి మరొక ప్రభుత్వపు నేల మీద కాలు పెట్టాలి.

ఉత్తరాన పోలవరం ఎగువన పాపికొండలు ఉన్నాయి. అవి మద్రాసు ప్రెసిడెన్సీలోవి. పడమటి, వాయవ్య దిశలలో ఖమ్మం, పాల్వంచ, వరంగల్ అడవులు ఉన్నాయి. అవి నిజాం రాజ్యంలోవి. నిజానికి ఏలూరు సర్కారు కూడా ఒకప్పుడు నిజాం పాలనలోనిదే. 1766లో నిజాం అలీ ఖాన్‌కు, ఈస్టిండియా కంపెనీకి కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. అప్పటి నుండి ఒకే భాష మాట్లాడే ప్రజల మధ్య రెండు ప్రభుత్వాల సరిహద్దు ఏర్పడింది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల నుండి తుపాకీ పట్టుకొని పడమటికి పోయేవాడు పరరాజ్యంలో ప్రవేశించినట్లే లెక్క.

పరరాజ్యంలో వేట అనగానే దరఖాస్తు, పరవానా, రుసుము, గడువు, సంఖ్య అనే ఐదు మాటలు ముందుకు వస్తాయి. ఈ పరవానాలు ఎవరు ఇచ్చారు, ఎవరికి దొరికాయి, ఎవరి బతుకు మీద వాటి బరువు పడింది అనేది చరిత్ర ప్రశ్న. చేతిలో పరవానా ఉన్నంత మాత్రాన ఒక ముస్లిం వేటగాడి బాధ్యత తీరిపోతుందా, పరవానా లేనప్పుడు షరీఅత్ ధర్మసమ్మతం చేసిన జంతువు అతనికి ధర్మసమ్మతంగానే ఉంటుందా అనేది ధర్మశాస్త్ర ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే విషయం స్పష్టమవుతుంది.

షరీఅత్‌లో వేట

ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రకారం వేట మౌలికంగా 'ముబాహ్', అనగా అనుమతించబడిన పని. అడవిలోని జంతువు ఎవరి సొత్తూ కాదు. దానిని చేజిక్కించుకున్నవాడికి చెందుతుంది. హనఫీ ధర్మశాస్త్రంలో ప్రామాణిక గ్రంథమైన 'హిదాయా'లో మర్గీనానీ వేటకు ఒక ప్రత్యేక ప్రకరణం కేటాయించారు. శిక్షణ పొందిన కుక్కలు, డేగల ద్వారా పట్టిన జంతువు విషయం దివ్య ఖుర్ఆన్ 'అల్ మాయిదా' సూరాలోని 4వ ఆయత్‌లో వచ్చింది. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) దైవప్రవక్త (స)ను వేటకుక్కల గురించి అడిగిన ప్రశ్నలూ, వాటికి లభించిన సమాధానాలూ హదీసు గ్రంథాలలో భద్రంగా ఉన్నాయి.

హజ్రత్ అబూ సఅలబా ఖుషనీ (రజి) ఉల్లేఖనం మన విషయానికి మరింత దగ్గరిది. తాము గ్రంథప్రజల నేల మీద ఉంటున్నామనీ, అది వేట దొరికే ప్రాంతమనీ, వారి పాత్రలలో తినవచ్చునా, తన వింటితోనూ కుక్కలతోనూ వేటాడవచ్చునా అనీ ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. పరాయి నేల మీద నివసించే వేటగాడు విల్లు ఎక్కుపెట్టడానికి ముందు నియమం ఏమిటో తెలుసుకున్నాడు. ఈ ఉల్లేఖనంలో సమాధానం ఎంత ముఖ్యమో ప్రశ్న అడిగిన క్రమం కూడా అంత ముఖ్యం.

ఇక అనుమతికి హద్దులు ఏమిటి? మొదటిది కాలపు హద్దు. ఇహ్రామ్ ధరించిన యాత్రికుడికి భూచర జంతువుల వేట నిషిద్ధం. ఆ స్థితి నుండి బయటికి వచ్చాక మళ్ళీ అనుమతి ఉంటుంది. రెండవది స్థలపు హద్దు. మక్కా హరమ్‌లో ఇహ్రామ్ లేనివాడు కూడా వేట జంతువును చంపరాదు, బెదరగొట్టరాదు కూడా. మదీనాకు సైతం దైవప్రవక్త (స) ఇటువంటి హద్దు నిర్ణయించినట్లు హదీసులు తెలుపుతున్నాయి. మూడవది ప్రయోజనపు హద్దు. ప్రాణమున్న దానిని గురిచూసే గుర్తుగా నిలబెట్టడాన్ని ఆయన వారించారు. వ్యర్థంగా చంపబడిన పిచ్చుక ప్రళయదినాన దేవుని ముందు మొరపెట్టుకుంటుందనే భావం గల ఉల్లేఖనం నసాయీ సంకలనంలో ఉంది. నాలుగవది ఆహారపు హద్దు. కోరలతో వేటాడే క్రూరమృగాల మాంసం తినరాదు. కాబట్టి పులి వేట ఏనాడూ ముస్లింకు ఆహారం కోసం చేసే వేట కాదు. మనుషులకూ పశువులకూ ప్రమాదం తప్పించడం దానికి గట్టి కారణం కాగలదు. కేవలం గోడకు తల తగిలించుకోవడానికి చేసే వేటకు అంత బలమైన ఆధారం చూపడం కష్టం.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. 'అల్ మాయిదా' సూరా మొదటి ఆయత్‌లోనే రెండు ఆదేశాలు పక్కపక్కన వచ్చాయి. మొదటిది, విశ్వాసులు తాము చేసుకున్న ఒడంబడికలను నెరవేర్చాలని. రెండవది, ఇహ్రామ్ స్థితిలో వేటను ధర్మసమ్మతం చేసుకోరాదని. ఒప్పందమూ వేటా ఒకే ఆయత్‌లో చోటు చేసుకోవడం ఆలోచించదగిన విషయం. అదే సూరా 94వ ఆయత్‌లో, చేతులకూ ఈటెలకూ అందేంత దగ్గరకు వేట జంతువులు వచ్చినప్పుడు, కంటికి కనిపించని దైవానికి ఎవరు భయపడతారో తెలియజేసే పరీక్ష ప్రస్తావించబడింది. నిషేధాన్ని ఉల్లంఘించి చంపినవాడు ఏ పరిహారం చెల్లించాలో 95వ ఆయత్ నిర్ణయించింది. దానిని తేల్చవలసినవారు ఇద్దరు న్యాయవర్తనులు. అంటే కాలం, స్థలం, పరిహారం, నిర్ణేతలు అన్నీ నియమబద్ధమైన ఒక వ్యవస్థ ఏడవ శతాబ్దంలోనే ముస్లింల ముందు ఉంది.

చక్రవర్తుల వేటలు

ఈ హద్దులు ముస్లిం పాలకులందరూ పాటించారని చెప్పడం చరిత్రకు అన్యాయం చేయడమే. మొగల్ దర్బారులో వేట రాచరిక వైభవానికి, సైనిక శిక్షణకు, రాజ్యం నలుమూలలా పాలకుడు కనిపించడానికి సాధనమైంది. 'ఖమర్‌గా' అనే పద్ధతిలో వేలాదిమంది మనుషులు విశాల ప్రాంతాన్ని చుట్టుముట్టి, రోజుల తరబడి జంతువులను ఒకచోటికి తోలుకొచ్చేవారు. ఆ వలయంలోకి మొదట ప్రవేశించే హక్కు చక్రవర్తిది. ఎవరి సొత్తూ కాని జంతువు ఆ వలయంలో సింహాసనపు సొత్తుగా మారింది.

1578లో జీలం నది ప్రాంతంలోని భేరా దగ్గర అక్బర్ ఇటువంటి ఖమర్‌గాకు ఏర్పాట్లు చేయించి, జంతువులన్నీ పోగయిన తరువాత హఠాత్తుగా వేట ఆపించి, వాటిని విడిచిపెట్టించాడు. ఆ సమయంలో ఆయన మనసులో కలిగిన మార్పు గురించి చరిత్రకారులు రకరకాలుగా రాశారు. కారణం ఏదైనా, చేతికి అందిన వేటను వదిలిపెట్టిన సంఘటనగా అది నిలిచిపోయింది.

జహంగీర్ మరో రకం ఉదాహరణ. తన 12వ ఏట నుండి సుమారు 50వ ఏటి వరకు తన సమక్షంలో 28,532 జంతువులు వేటాడబడ్డాయనీ, వాటిలో తాను స్వహస్తాలతో చంపినవి 17,167 అనీ, వాటిలో 13,964 పక్షులనీ ఆయన తన ఆత్మకథలో లెక్క కట్టించి రాసుకున్నాడు. ఆ లెక్క గర్వంతో రాసినదే. కాని అదే జహంగీర్, 50 ఏళ్ళు నిండాక తన చేతితో ఏ ప్రాణినీ బాధించనని 1618 ప్రాంతంలో ప్రతిన పూనాడు. అంతకుముందే, తనకు ప్రీతిపాత్రమైన ఒక జింక చనిపోతే నేటి పాకిస్తాన్‌లోని షేఖుపురా దగ్గర దానికి సమాధి కట్టించి, ఆ ప్రదేశంలో జింకలను ఎవరూ వేటాడరాదని శాసించాడు. దాని పక్కన నిలిచిన 'హిరన్ మినార్' నేటికీ ఉంది. చక్రవర్తిని ఆపగల పరవానా ఎవరూ రాయలేరు. అతని హద్దు అతనే గీసుకోవాలి. అక్బర్, జహంగీర్ ఇద్దరూ దానిని గీసుకున్నారు, కాని ఆలస్యంగా.

దరఖాస్తుల యుగం

బ్రిటిషు పాలనలో వేట కచేరీ కాగితాల మీదికి వచ్చింది. మన తెలుగులో స్థిరపడిన మాటలే ఈ చరిత్ర చెబుతున్నాయి: షికారు, దరఖాస్తు, పరవానా ఫార్సీ నుండి వచ్చాయి; లైసెన్సు, పర్మిట్టు, రిజర్వు ఇంగ్లీషు నుండి వచ్చాయి. ఒక పాలన మాటల మీద మరొక పాలన మాటలు పేరుకున్నాయి.

1878 నాటి ఆయుధాల చట్టం తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఏనుగులను లైసెన్సు లేకుండా చంపడాన్నీ పట్టడాన్నీ నిషేధిస్తూ 1879లో చట్టం వచ్చింది. తప్పు చేసినవారికి 500 రూపాయల వరకు జరిమానా. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులలో నియమాలకు విరుద్ధంగా వేటాడటాన్నీ, తుపాకీ పేల్చడాన్నీ, చేపలు పట్టడాన్నీ, ఉచ్చులు పన్నడాన్నీ శిక్షార్హం చేసింది. 1912లో అడవిపక్షులు, జంతువుల సంరక్షణ చట్టం వచ్చింది. సంతానోత్పత్తి కాలం వంటి కొన్ని నెలలను 'నిషిద్ధకాలం'గా ప్రకటించే అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు ఈ చట్టం ఇచ్చింది. ఆత్మరక్షణకూ ఆస్తిరక్షణకూ చంపితే మినహాయింపు ఉంది. ఫిఖహ్ చదువుకున్న వ్యక్తికి ఈ నిషిద్ధకాలం, రిజర్వు హద్దు అనే భావనలు కొత్తవి కావు. ఇహ్రామ్‌లో కాలపు హద్దునూ, హరమ్‌లో స్థలపు హద్దునూ అతడు ముందే చదివి ఉంటాడు. వాటి పవిత్రతకూ వీటికీ పోలిక లేదు. కాని అనుమతించబడిన పనికి కాలమూ స్థలమూ హద్దులు కాగలవనే సూత్రం అతనికి పరిచితమైనదే.

ఆచరణలో పెద్దవేటకు ఏర్పాటు ఇలా జరిగేది. అటవీశాఖవారు అడవిని 'బ్లాకు'లుగా విభజించేవారు. వేటగాడు తనకు కావలసిన బ్లాకును, కావలసిన రోజులను పేర్కొంటూ ముందుగా దరఖాస్తు పెట్టేవాడు. పర్మిట్టు మీద పేరు, గడువు, ఏ జంతువును ఎన్ని చంపవచ్చునో ఆ సంఖ్య ఉండేవి. మంచి బ్లాకుల కోసం పోటీ ఉండేది. సెలవు మంజూరైన సైనికాధికారి, బదిలీ మీద వచ్చిన జిల్లా అధికారి, జమీందారు, వారి అతిథులు ముందువరసలో ఉండేవారు. దరఖాస్తు అందరికీ తెరిచిన తలుపులా కనిపించినా, ఇంగ్లీషు రాత, లైసెన్సు తుపాకీ, చేతిలో రూపాయలు ఉన్నవారికే ఆ తలుపు అందుబాటులో ఉండేది.

మరి ఆ అడవులలోనే పుట్టి పెరిగినవారి మాటేమిటి? పాపికొండల కొండరెడ్లు, గోదావరికి ఇరువైపులా నివసించే కోయలు తరతరాలుగా విల్లంబులతో వేటాడుతూ వచ్చారు. మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన కొండరెడ్ల గ్రంథానికి అడవిదున్నల కొండల పేరే పెట్టాడు. ఆ కొండలను ఇంగ్లీషువారు ఆ పేరుతోనే పిలిచేవారు. ఒక మృగం పేరు మోసిన కొండలలో ఆ కొండవాసి చేసే వేట చట్టం దృష్టిలో దొంగవేట అయింది. అదే కొండకు పర్మిట్టుతో వచ్చిన దొర చేసింది క్రీడ అయింది. ఆ కొండవాసికి వేట ముబాహ్ మాత్రమే కాదు, జీవనాధారం. పరవానా ఆ తేడాను చూడలేదు.

నిజాం హద్దు దాటితే

డెల్టా నుండి నిజాం రాజ్యపు అడవులకు పోదలచినవాడికి పందొమ్మిదవ శతాబ్దం చివర రైలు దారి సులభం చేసింది. 1889లో నిజాం రైలుమార్గం బెజవాడను చేరింది. తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో బండెక్కి బెజవాడలో మారితే ఖమ్మం, మహబూబాబాద్, నెక్కొండ, వరంగల్ వరుసగా వస్తాయి. కాని రైలు మారినంత తేలికగా మిగిలినవి మారవు. బ్రిటిషు ఇండియాలో ఇచ్చిన తుపాకీ లైసెన్సు నిజాం రాజ్యంలో దానంతట అది చెల్లదు. సరుకుల మీద నిజాం సర్కారు సుంకం వేరు, నాణెం వేరు. 100 బ్రిటిషు రూపాయలకు 116 హాలీ సిక్కా రూపాయల 10 అణాల 8 పైసలు, అంటే ఆరింటికి ఏడు. సంవత్సరం లెక్క కూడా వేరే. అక్కడి కచేరీలలో ఫస్లీ సంవత్సరం నడిచేది. కచేరీ భాష 1884 ప్రాంతం నుండి ఫార్సీకి బదులు ఉర్దూ అయింది. ఇంగ్లీషులో అర్జీ రాయగలిగినవాడికి అక్కడ ఉర్దూ మున్షీ అవసరం. ఒక్క జంతువు కోసం రెండు భాషలు, రెండు నాణేలు, రెండు కేలండర్లు దాటవలసి వచ్చేది.

గొప్ప అతిథులకు ఈ బాధలు లేవు. వారి రాకపోకలు హైదరాబాదు రెసిడెంటు ద్వారా, దర్బారు ద్వారా ఏర్పాటయ్యేవి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) స్వయంగా పులివేటలో పేరెన్నిక గన్నవాడు. 1893 జనవరిలో ఆస్ట్రియా రాజవంశానికి చెందిన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఆయన అతిథిగా వచ్చి తాండూరు అడవులలో పులివేట చేశాడు. 1914లో సారాయెవోలో హత్యకు గురై మొదటి ప్రపంచయుద్ధానికి నిమిత్తమైనది ఆయన మరణమే. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ సతీసమేతంగా వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర పులివేటకు వచ్చాడు. చచ్చిన పులి పక్కన ఆ దంపతులు ఉన్న ఛాయాచిత్రం రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసినది. నేటికీ అది ప్రసిద్ధం.

అదే కర్జన్ జీవితంలోని మరొక ఘటనను దీని పక్కన ఉంచి చూడాలి. 1900లో జునాగఢ్ నవాబు ఆహ్వానం మీద గిర్ అడవికి సింహాల వేటకు వెళ్ళవలసిన ఆయన, మిగిలినవి బహుకొద్ది మాత్రమేనని తెలిసి వేట మానుకున్నాడు; వాటిని కాపాడమని నవాబుకు సలహా ఇచ్చాడు. జునాగఢ్ ముస్లిం పాలకుల రక్షణ లేకుంటే ఆసియా సింహం ఇరవయ్యవ శతాబ్దం చూసేది కాదన్నది పలువురు అంగీకరించే విషయం. ఒకే మనిషి, రెండు ముస్లిం సంస్థానాలలో, రెండేళ్ళ తేడాతో రెండు రకాలుగా ప్రవర్తించాడు. రెండు చోట్లా అనుమతి అతనికి ఉంది. గిర్‌లో అతనిని ఆపినది సంఖ్య తెలియడం. దక్కనులో పులులు తరగవన్న ధీమా అందరిలోనూ ఉండేది.

అతిథులు, హాంకా కూలీలు

పెద్దవేట ఖర్చు పరవానా రుసుముతో తీరదు. మంచెలు కట్టాలి, ఎరగా దున్నపోతులను కట్టాలి, నీళ్ళు మోయాలి, గుడారాలు వేయాలి. అన్నిటికీ మించి 'హాంకా' వేయాలి. అంటే, వందలమంది గ్రామస్థులు డప్పులతో, కేకలతో అడవిని ఒకవైపు నుండి తోలుకుంటూ పోయి, మృగాన్ని మంచె మీది తుపాకీ వైపు మళ్ళించాలి. మంచె మీద ఉన్నవాడికి ఎత్తూ తుపాకీ ఉన్నాయి. పొదల్లో నడిచేవాడికి కర్ర మాత్రం ఉంది. గాయపడిన పులి వెనక్కి తిరిగితే మొదట ఎదురయ్యేది ఈ రెండవవాడే.

తెలంగాణ పల్లెలలో అధికారుల విడిదులకు వెట్టిచాకిరీ చేయించడం ఎంతగా పాతుకుపోయిందో ఆ ప్రాంత చరిత్ర చదివినవారికి చెప్పనక్కరలేదు. శ్రమజీవికి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది దైవప్రవక్త (స) బోధ. కూలి ఇవ్వకుండా హాంకా వేయించుకున్న వేటలో జంతువు ధర్మసమ్మతమైనదే కావచ్చు, కాని ఆ మనిషి హక్కు మిగిలిపోతుంది. నల్లమల చెంచులు జాడ తీయడంలో సాటిలేనివారు. అమ్రాబాద్ అడవిలో ఫరహాబాద్ దగ్గర నిజాం వేట విడిది ఉండేది. అక్కడ మృగం జాడ చూపినవాడి పేరు ఏ విజయఫలకం మీదా కనిపించదు.

తుపాకీ, చాకు, పిచ్చుక

తుపాకీ వేట ముస్లింలకు ఒక కొత్త మసలా తెచ్చిపెట్టింది. విల్లు, ఈటె వంటివి చీల్చి చంపుతాయి. తుపాకీ గుండు దెబ్బతో చంపుతుందా, చీల్చి చంపుతుందా? దెబ్బతో చచ్చిన జంతువు ధర్మసమ్మతం కాదు. భారత ఉపఖండంలోని హనఫీ ఉలమాలలో అధికులు గుండు దెబ్బకు చచ్చిన జంతువును జబహ్ చేయకుండా తినరాదన్నారు. కొందరు పండితులు మొనదేలిన గుండు విషయంలో అనుమతించారు. అందుచేత వేటబృందంలో చాకు పట్టుకున్న మనిషి ఒకడు ఉండేవాడు. దుప్పి కూలగానే ప్రాణం పోకముందే చేరుకొని బిస్మిల్లా చెప్పి కోయడం అతని పని. వేట ఏర్పాట్లలో గుడారం, తూటాలు, పర్మిట్టు ఎంత ముఖ్యమో ముస్లిం వేటగాడికి ఈ చాకు కూడా అంతే ముఖ్యం.

ఈ సందర్భంలో ఒక పిచ్చుక కథ చెప్పుకోవాలి. బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పెరిగిన బాలుడు గాలితుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని కంఠం మీద పసుపుపచ్చని మచ్చ ఉంది. ఇది మామూలు పిచ్చుక కాదేమో, ముస్లిం తినదగినదేనా అని అనుమానం వచ్చింది. పెద్దవారిని అడిగాడు. వారు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం కార్యదర్శి మిల్లార్డ్ దగ్గరకు పంపారు. ఆ బాలుడే తరువాత పక్షిశాస్త్రజ్ఞుడిగా ప్రఖ్యాతి పొందిన సాలిం అలీ (1896–1987). చంపిన తరువాతనైనా తినడానికి ముందు ఆగి అడిగిన ప్రశ్న ఒక విజ్ఞానశాస్త్రానికి ద్వారం తెరిచింది. 1931–32లో నిజాం ప్రభుత్వ సహకారంతో హైదరాబాదు రాజ్యంలోని పక్షులను సర్వే చేసినది ఆయనే. ఆనాడు నమూనాల కోసం పక్షులను కాల్చడం శాస్త్రానికి తప్పనిసరి. కాని ఆ కాల్పులలో ప్రతి పక్షికీ పేరు, స్థలం, తేదీ నమోదయ్యాయి. షికారుదారులు లెక్క పెట్టినది తాము చంపినవాటిని. ఆయన లెక్క పెట్టినది నేల మీద ఉన్నవాటిని.

కొల్లేటి ఒడ్డున

డెల్టా మనిషికి ఇంటి దగ్గర మిగిలిన వేట కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య, బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోయే ఈ మంచినీటి సరస్సుకు శీతకాలంలో వేలాది వలసపక్షులు వస్తాయి. 1946లో కేరళకు చెందిన పక్షిపరిశీలకుడు నీలకంఠన్ ఈ ప్రాంతంలో ఒక పెద్ద గూడబాతుల కాలనీని కనుగొన్నాడు. అప్పుడు అందులో దాదాపు 3,000 గూడబాతులు గూళ్ళు కట్టి ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ కాలనీ అంతరించింది. పెద్ద మృగం పోతే ఛాయాచిత్రం మిగులుతుంది. పక్షుల కాలనీ పోతే, చూసినవారు చెప్పకపోతే, అది ఉండేదన్న సంగతి కూడా మిగలదు.

ఈలోగా దేశంలో పరిస్థితి మారిపోయింది. 1947లో కొరియా సంస్థానాధీశుడు ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చినట్లు నమోదైంది. 1952లో చీతా దేశంలో అంతరించినట్లు ప్రకటించబడింది. 1970లో పులివేట దేశమంతటా నిషేధించబడింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం మొదట్లో వేటను పూర్తిగా ఆపలేదన్న సంగతి నేడు చాలామందికి తెలియదు. ప్రత్యేక మృగాల వేటకు, పెద్ద మృగాల వేటకు, చిన్న జంతువుల వేటకు, వన్యప్రాణులను పట్టడానికి వేరువేరు లైసెన్సులు అందులో ఉన్నాయి. చంపిన వాటి వివరాలు లైసెన్సుదారు రాసి ఉంచాలన్న నియమమూ ఉంది. 1991 సవరణతో ఆ లైసెన్సులు రద్దయ్యాయి. క్రీడగా వేటాడటానికి దేశంలో దరఖాస్తు పెట్టుకునే చోటే లేకుండా పోయింది. నేడు మనిషి ప్రాణానికి ప్రమాదమైన జంతువు విషయంలోనూ, శాస్త్ర పరిశోధన వంటి పరిమిత అవసరాలకూ మాత్రమే అధికారుల అనుమతి ఉంటుంది. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వల పన్నడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, గుడ్లు చెరపడం కూడా వేటే.

నిజాం వేటమైదానాలలో పోచారం, పాకాల వంటివి అభయారణ్యాలయ్యాయి. పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబడ్డాయి. 1999లో కొల్లేటిలో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది; 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఆటపాక దగ్గర గూడబాతులు మళ్ళీ పెద్దసంఖ్యలో గూళ్ళు కడుతున్నాయి.

పరవానా ముగిసిన తరువాత

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. బాతు ధర్మసమ్మతమైన పక్షి. షరీఅత్ అనుమతించిన దానిని ప్రభుత్వం ఎలా ఆపగలదని కొందరు అడుగుతారు. దీనికి ఫుఖహాల సమాధానం ఉంది. ముబాహ్ అంటే చేయవచ్చు, మానవచ్చు అని అర్థం. చేసి తీరాలని కాదు. ప్రజల మీద పాలకుని అధికారం ప్రజాశ్రేయస్సుతో ముడిపడి ఉంటుందన్న సూత్రం 1876లో పూర్తయిన ఉస్మానీ పౌరస్మృతి 'మజల్లా'లో 58వ అధికరణంగా చోటు చేసుకుంది. ప్రజాశ్రేయస్సు కోసం ముబాహ్ పనికి హద్దు పెట్టినప్పుడు దానిని పాటించాలన్నది దాని పర్యవసానం. ఖలీఫాల కాలంలో ప్రజల పశువుల కోసం కొన్ని మైదానాలను 'హిమా'గా కేటాయించినది ఈ దృష్టితోనే. 1983లో సౌదీ అరేబియా పర్యావరణ శాఖ, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కలిసి ప్రచురించిన ఇస్లామీయ సూత్రాల పుస్తకంలో ఉలమాలు ఈ ఆధారాలనే పేర్కొన్నారు.

పాలకుడు ముస్లిం కాని దేశంలో? అక్కడ 'అల్ మాయిదా' మొదటి ఆయత్ ముందుకు వస్తుంది. పౌరుడు తాను నివసించే దేశంతో చేసుకున్న ఒడంబడికను నెరవేర్చాలి. తన ధర్మం తప్పనిసరి చేసిన దేనినీ ఈ చట్టం ఆపడం లేదు. ఆపుతున్నది ఒక ముబాహ్‌ను మాత్రమే. కొల్లేటి బాతును జబహ్ చేసినంత మాత్రాన ఒప్పందభంగపు తప్పు తొలగిపోదు. మాంసపు విధి వేరు, దానిని సంపాదించిన మార్గపు విధి వేరు.

అయితే దీని మరో పార్శ్వాన్ని మరువరాదు. పూర్వం దొర పరవానాతో వందలకొద్దీ చంపాడు, అడవిబిడ్డ పరవానా లేక నేరస్థుడయ్యాడు. నేడు కూడా పక్షికి వల వేసిన పేదవాడు సులభంగా పట్టుబడతాడు. ఆ పక్షిని రహస్యంగా కొనే సంపన్నుడు తేలికగా తప్పించుకుంటాడు. కొల్లేటి బాతు మాంసం బేరం ఆడే చేయి లేకపోతే వల వేసే చేయి ఉండదు. మన విందులలో, వలీమాలలో దాని రుచిని గొప్పగా చెప్పుకునే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, పరీక్ష అక్కడే మొదలవుతుంది.

పూర్వపు వేటగాడు అడవిలో ఒంటరిగా ఉన్నప్పుడు, పర్మిట్టు మీద ఒకటి అని ఉన్నా రెండవ దుప్పి ఎదురుగా నిలబడేది. గార్డు మైళ్ళ దూరంలో ఉండేవాడు. తుపాకీకి అందేంత దగ్గర వేట, చూసేవారు ఎవరూ లేరు. 94వ ఆయత్ ప్రస్తావించిన స్థితి ఇదే. పరవానాల కాలం వెళ్ళిపోయింది. ఆ స్థితి మాత్రం పోలేదు. శీతకాలపు రాత్రి కొల్లేటి లంకలో వల చేతబట్టిన మనిషికీ, మర్నాడు తెల్లవారుజామున ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో తలుపు తట్టి అమ్మేవాడికీ, తలుపు తెరిచి కొనేవాడికీ అది ఎదురవుతూనే ఉంది. అబూ సఅలబా (రజి) విల్లు ఎక్కుపెట్టడానికి ముందే అడిగారు. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరు అలా ఆగి అడిగినా ఆ పక్షి కొల్లేటిలోనే ఉండిపోతుంది.